క్లోరోఫాం కుక్కల నుంచి కణాల టీకా దాకా

1888లో హైదరాబాదులో వందకు పైగా కుక్కలకు క్లోరోఫాం పట్టించి, ప్రాణం పోయేదాకా గమనించారు. మత్తులో ఉన్న రోగులు కొందరు ఆపరేషన్ బల్ల మీదే ఎందుకు చనిపోతున్నారో తేల్చాలన్నది ఉద్దేశం. ముందు ఆగేది ఊపిరా, గుండెనా? ఊపిరే అన్నాడు బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లిచ్చి లాన్సెట్ తరఫు మనిషినే పిలిపించాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఈసారి కుక్కలతోపాటు కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, మొత్తం నాలుగు వందలకు పైనే. చివరికి బ్రంటన్ కూడా లారీ మాటకే వచ్చాడు. ఊపిరి కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదన్నారు.

ఆ తీర్పు తప్పు. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడే క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి, ఉన్నట్టుండి ఆపేయగలదని 1911లో ఎ.జి. లెవీ చూపించాడు. అతనూ పిల్లుల మీదే చూపించాడు, ఆ మాట దాచకూడదు. అయినా అన్ని వందల ప్రాణాలు తీసి డాక్టర్లకు తప్పుడు ధీమా ఇచ్చారన్నది మింగుడుపడదు.

అదే 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రేబిస్ టీకా తయారీకి కొత్త పద్ధతి తెచ్చాడు. మన దేశంలో ఈ పద్ధతిలో బతికున్న గొర్రె మెదడులోకి వైరస్ ఎక్కించేవారు. పక్షవాతం వచ్చాక దాన్ని చంపి, మెదడు తీసి నూరి, కార్బాలిక్ ఆమ్లంతో వైరస్‌ను నిర్వీర్యం చేసేవారు. పిచ్చికుక్క కరిస్తే సర్కారు దవాఖానలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మన పెద్దవాళ్లు భయంగా చెప్పుకునేది ఈ మందు గురించే. అందులోని మెదడు పదార్థం వల్ల కొందరికి నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయేవి. గొర్రె పడ్డ బాధ మనిషిదాకా వచ్చింది.

దీనికి బదులు మందు హైదరాబాదు సంస్థ నుంచీ వచ్చింది. ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారి అభయ్‌రాబ్ టీకా కోసం వైరస్‌ను వీరో కణాల్లో పెంచుతారు. 1962లో ఒక ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి తీసిన కణాల సంతతి అది. ప్రతిసారీ కొత్త జంతువు అక్కర్లేదు. 2004 చివరికి దేశంలో గొర్రె మెదడు టీకా తయారీ ఆగిపోయింది. ఇప్పుడు జబ్బకు నాలుగైదు విడతల సూదులతో సరి. జంతువును తప్పించినందుకు రోగికీ మేలే జరిగింది. ఈ చరిత్రలో నేను అన్నిటికన్నా విలువిచ్చేది ఈ మలుపుకే.

వీలైనచోట జంతు ప్రయోగాలు మానాలని మన దేశంలో 1960 నాటి చట్టమే చెప్పింది. 2014లో సౌందర్య సాధనాలకు ఆ పరీక్షలు నిషేధించారు. 2023 మార్చిలో కొత్త మందుల నియమాలు సవరించి, మానవ కణాలు, చిప్ మీద పెంచే అవయవాలు, కంప్యూటర్ నమూనాల ఫలితాలకూ చోటిచ్చారు.

కానీ రేబిస్ టీకా బలాన్ని తేల్చే పాత పరీక్షలో నేటికీ చిట్టెలుకలే. టీకా వేశాక వాటి మెదడులోకి వైరస్ ఎక్కించి, రెండు వారాలు ఏవి పడిపోతాయో, ఏవి నిలుస్తాయో లెక్కపెడతారు. టీకాలోని గ్లైకోప్రొటీన్ అనే వైరస్ మాంసకృత్తు ఎంతుందో ఎలైజా అనే ల్యాబ్ పరీక్షతో కొలిచే మార్గం ఉంది. ముందుగా మారాల్సింది ఈ చిట్టెలుకల పరీక్షే.