కొరతలో పుట్టిన తీపి

అడుగున పుల్లటి పండు ముక్కలు, పైన వెన్నతో నలిపి పొడిపొడిగా చేసిన పిండి. ఓవెన్‌లో ముప్పావు గంట లోపు. ఫ్రూట్ క్రంబుల్ అంటే ఇంతే. గుడ్డు అక్కర్లేదు, ఈస్టు అక్కర్లేదు, బీటరుతో గిలక్కొట్టే పని లేదు, అప్పడాల కర్రతో ఒత్తే పని అసలే లేదు. అయినా కాజీపేటలో ఈ పేరు ఎత్తితే చాలామంది దాన్ని పెద్ద హోటళ్ల వంటకాల జాబితాలో వేసేస్తారు. బ్రిటన్‌లోనో ఐర్లాండ్‌లోనో చదువుకుంటున్న పిల్లలు ఫోన్‌లో ఫొటో పంపితే చూసి, మన ఇళ్లలో అయ్యే పనా అనుకుంటారు. దాని పుట్టుక తెలిస్తే ఈ బెరుకు పోతుంది. ఇది ఉన్నవాళ్లు కనిపెట్టిన తీపి కాదు. వెన్న దొరకనప్పుడు, చక్కెర దొరకనప్పుడు, పిండి కూడా లెక్కపెట్టి వాడాల్సి వచ్చినప్పుడు ఇంటింటికీ చేరిన తీపి.

పండు మీద పొడి చల్లి కాల్చడం మాత్రం అంతకుముందు నుంచే ఉంది. జర్మన్లు వెన్న, చక్కెర, పిండి కలిపి నలిపిన పొడిని రొట్టెల మీద చల్లి కాల్చేవారు. దాన్ని స్ట్రాయిజెల్ అంటారు. అమెరికాలో ఎండిన రొట్టె పొడిని ఆపిల్ ముక్కల మధ్య పొరలుగా వేసి కాల్చే బ్రౌన్ బెట్టీ పేరు 1864 నాటికే అచ్చులో కనిపిస్తుంది. ఆపిల్ క్రిస్ప్ అనే దగ్గరి చుట్టం 1924లో అక్కడి వంటల పుస్తకంలోకి ఎక్కింది. ఇవన్నీ క్రంబుల్‌కు అక్కచెల్లెళ్లే. కానీ ఒక దేశమంతా ఒకే వంటకాన్ని తమదిగా చేసుకోవాలంటే రుచి ఒక్కటే చాలదు, అవసరం కూడా తరమాలి. ఆ అవసరాన్ని రెండో ప్రపంచ యుద్ధం తెచ్చిపెట్టింది.

బ్రిటన్ తినే తిండిలో సగానికి పైగా ఓడల మీద బయటి నుంచి వచ్చేది. జర్మన్ జలాంతర్గాములు ఆ ఓడల మీద పడ్డాయి. 1940 జనవరి 8న అక్కడ రేషన్ మొదలైంది. మొదటి విడతలోనే ఉప్పు పట్టించిన పంది మాంసంతోపాటు వెన్న, చక్కెర ఉన్నాయి. యుద్ధం సాగిన చాలాకాలం మనిషికి వారానికి దక్కిన వెన్న రెండు ఔన్సులు, అంటే సుమారు 57 గ్రాములు. చక్కెర ఎనిమిది ఔన్సులు, సుమారు 227 గ్రాములు. టీలోకి, పిల్లల పాలలోకి, జామ్‌లోకి అన్నింటికీ అదే. మన ఇళ్లలో కంట్రోలు దుకాణం ముందు కార్డు పట్టుకుని నిలబడిన పెద్దవాళ్లకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

అంతవరకూ ఇంగ్లిష్ ఇళ్లలో ఆదివారం భోజనానికి పండుతో చేసేది పై. అడుగున ఒక పిండి పొర, మధ్యలో పండు, పైన మూతగా మరో పొర. వెన్న దండిగా పడితేనే ఆ పొరలు విచ్చుకుంటాయి. రెండు ఔన్సుల వెన్నతో అది కుదరదు. అప్పుడు ఇల్లాళ్లు అడుగు పొరను తీసేశారు. పై పొరను ఒత్తడం మాని, ఉన్న కాస్త మార్గరీన్‌నో కొవ్వునో పిండిలో నలిపి చల్లేశారు. పిండి తక్కువైతే ఓట్స్ కలిపారు. చక్కెర చాలకపోతే పండు తీపితోనే సరిపెట్టారు. కొలత కాస్త అటూఇటూ అయినా వంట చెడదు. కొలిచి వండే వీలు లేని రోజుల్లో అంతకంటే ఏం కావాలి? ఆహార శాఖ కరపత్రాలు వేసి పంచింది. 1940 వేసవి నుంచి బీబీసీ రేడియోలో పొద్దున్నే వంటింటి కార్యక్రమం వచ్చేది. ఉన్నదాంతో ఎలా వండుకోవాలో అందులో చెప్పేవారు. ఆహార మంత్రి లార్డ్ వూల్టన్ పేరు మీద కూరగాయల పై ఒకటి ఇప్పటికీ చలామణిలో ఉంది.

యుద్ధం 1945లో ముగిసినా రేషన్ ముగియలేదు. వెన్న మీద ఆంక్షలు 1954 మే దాకా, మాంసం మీద అదే ఏడు జులై దాకా సాగాయి. ఈలోగా 1944 విద్యా చట్టం బడుల్లో మధ్యాహ్న భోజనం పెట్టే బాధ్యతను స్థానిక విద్యాధికారుల మీద పెట్టింది. వందల మందికి ఒకేసారి పెద్ద పళ్లేల్లో చేయడానికి వీలైన తీపి క్రంబులే. దాని మీద వేడి కస్టర్డ్ పోసి పెట్టేవారు. ఆ కస్టర్డ్ పొడి వెనకా ఒక అవసరమే ఉంది. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బర్డ్ భార్యకు గుడ్డు పడేది కాదు. ఆమె కోసం ఆయన 1837లో గుడ్డు లేకుండా మొక్కజొన్న పిండితో కస్టర్డ్ తయారుచేశాడు. ఇవాళ మన కిరాణా కొట్లలో దొరికే కస్టర్డ్ డబ్బాలకు మూలం అదే. గుడ్డు ముట్టని ఇళ్లకు కూడా అది అలవాటైంది.

ఇక పండు సంగతి. నా దృష్టిలో క్రంబుల్ బాగుండడం, బాగోకపోవడం పిండి కంటే పండు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. బ్రిటన్‌లో దీనికి వాడేది బ్రామ్లీ ఆపిల్. నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్‌లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి 1809లో నాటిన గింజ నుంచి మొలిచిన చెట్టు అది. తర్వాత ఆ ఇల్లు కొన్న కసాయి మాథ్యూ బ్రామ్లీ పేరు పండుకు పడింది. పచ్చిగా కొరికితే పళ్లు పులిసిపోయేంత పులుపు. వేడి తగిలితే మెత్తగా విచ్చుకుని గుజ్జవుతుంది, పులుపు మాత్రం పోదు. పైనున్న తీపి పొడికి కింద ఆ పులుపు తగలాలి. అప్పుడే రెండో చెంచా తినాలనిపిస్తుంది.

మనకు వచ్చే ఆపిల్‌లో ఆ పులుపు లేదు. హిమాచల్‌లోని కోట్‌గఢ్‌లో స్థిరపడిన అమెరికన్ శామ్యూల్ స్టోక్స్ వందేళ్ల కిందట తెచ్చి నాటిన ఎర్ర డెలిషస్ రకం, దాని సంతతే ఎక్కువగా మన బండ్ల మీద కనిపిస్తాయి. కోసుకు తినడానికి మంచివే. క్రంబుల్‌లో వేస్తే తీపి మీద తీపి అయి మొహం మొత్తుతుంది. నిమ్మరసం పిండితే కొంత నయం. కానీ వరంగల్ ప్రాంతంలో ఉన్నవాళ్లకు అంతకంటే మంచి దారి ఉంది: దోర మామిడి. అందులోనూ కలెక్టర్ కాయ. కండ గట్టిగా ఉంటుంది, పీచు తక్కువ, పులుపూ తీపీ రెండూ ఉంటాయి, ఉడికినా ముక్క పూర్తిగా చెదరదు. బ్రామ్లీ చేసే పని మన దగ్గర కలెక్టర్ కాయ చేస్తుంది. బంగినపల్లి అయితే పూర్తిగా మాగకముందే వాడుకోవాలి.

కాజీపేటకు ఇంగ్లిష్ వంట వాసన కొత్తది కాదు. నిజాం రైలు 1889లో బెజవాడ దాకా చేరింది. అదే ఏడు ఇల్లందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయ్యాక మద్రాసు, ఢిల్లీ నేరుగా కలిశాయి, కాజీపేట పెద్ద జంక్షన్ అయింది. లోకోషెడ్, రైల్వే కాలనీ వచ్చాయి. డ్రైవర్లు, గార్డులుగా పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు వచ్చాయి. 1952లో వరంగల్ కతోలిక మేత్రాసనం ఏర్పడింది, ఫాతిమానగర్‌లో కెథెడ్రల్ లేచింది. ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో క్రిస్మస్‌కు చేసే కల్‌కల్స్ చూస్తే మన గవ్వలే. రోజ్ కుకీస్ అంటే మనం అచ్చు ముంచి వేయించే గులాబీ పువ్వులే. ఇక కేకు కాల్చడానికి కరెంటు ఓవెన్ లేని కాలంలో గిన్నె కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టేవారు. బిర్యానీకి దమ్ పెట్టే చోట ఈ పద్ధతి ఎవరికి తెలియదు?

క్రంబుల్‌లో అసలు కిటుకు వేళ్లది. అది మన ఆడవాళ్ల చేతుల్లో ఎప్పటి నుంచో ఉంది. సద్దుల బతుకమ్మకు చేసే మలీద చూడండి. రొట్టె కాల్చి, వేడి మీదే తుంచి, బెల్లం, నెయ్యి వేసి, ప్రతి పలుకుకూ నెయ్యి అంటేదాకా చేత్తో నలుపుతారు. పీర్ల పండుగకూ, దర్గాల దగ్గర ఫాతిహాకూ పంచేది ఆ మలీదనే. ఊరి పేరుతోనే దర్గా ప్రసిద్ధమైన కాజీపేటలో మలీద రుచి చూడని వాడకట్టు ఉండదు. పిండి, కొవ్వు, తీపి, నలిపే వేళ్లు రెండింటికీ ఒకటే. తేడా ఒక్కటి: మలీదలో కాల్చి నలుపుతాం, క్రంబుల్‌లో నలిపి కాలుస్తాం.

చేసే తీరు ఇది. నలుగురికి 200 గ్రాముల మైదా, 100 గ్రాముల చల్లటి వెన్న, 100 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు. మైదాలో మూడో వంతు తీసేసి గోధుమ పిండి కలిపితే నాకు ఇంకా నచ్చుతుంది. వెన్నను చిన్న ముక్కలుగా కోసి పిండిలో వేసి మునివేళ్లతో నలపాలి. అరచేయి తగలనివ్వొద్దు. వెన్న సుమారు 32 డిగ్రీలు దాటగానే జారిపోవడం మొదలవుతుంది, మన మే నెల మధ్యాహ్నాల్లో వంటిల్లే అంతకు మించి ఉంటుంది. అందుకే ఈ పని పొద్దున్నే పెట్టుకోవాలి, పిండి గిన్నెను కూడా పావుగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. వెన్న కరిగితే పిండి ముద్ద కట్టి, కాలాక గట్టి పలకలా తయారవుతుంది. చల్లగా ఉంటే పిండి రేణువుల చుట్టూ పొరలా పట్టుకుంటుంది. తడి చేరదు కాబట్టి పిండి సాగదు, కాలాక నోట్లో పెళుసుగా విరుగుతుంది. రవ్వంత పలుకులు, మధ్యమధ్య శనగగింజంత ఉండలు కనిపించగానే చెయ్యి తీసేయాలి. చక్కెర ఆఖర్న కలపాలి.

మామిడి ముక్కలు ముప్పావు కిలో, రెండు చెంచాల బెల్లం తురుము, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్, కాస్త యాలకుల పొడి కలిపి పళ్లెంలో పరవాలి. పొడిని పైన వదులుగా చల్లాలి, అదమకూడదు. ఆవిరి పైకి రావడానికి దారి ఉండాలి. 180 డిగ్రీల వేడిలో 35 నుంచి 40 నిమిషాలు. పైన బంగారు రంగు తేలి, అంచుల వెంట రసం చిక్కగా బుడగలు కక్కుతుంటే అయినట్టే. దించాక పది నిమిషాలు ఆగితే రసం చిక్కబడుతుంది.

ఓవెన్ లేని ఇంట్లో కుక్కర్‌లో ఇసుక పోసి కాలిస్తే అడుగు ఉడుకుతుంది కానీ పైన రంగు రాదు, పై నుంచి వేడి తగలదు కదా. దానికంటే రెండు పనులూ విడదీయడం మేలు. పండును గిన్నెలో సన్న మంట మీద మగ్గబెట్టాలి. పొడిని మందపాటి మూకుడులో సన్న సెగ మీద కలుపుతూ దోరగా వేయించాలి. తినే ముందు ఒకదాని మీద ఒకటి వేసుకోవాలి. పొడి సీసాలో నాలుగైదు రోజులు కరకరలాడుతూ ఉంటుంది.

మామిడి అయిపోయాక జామ బాగుంటుంది. గింజ తీసిన దోర జామలో పెక్టిన్ ఎక్కువ, కార్న్‌ఫ్లోర్ లేకుండానే రసం చిక్కబడుతుంది. అనాస ముక్కల్ని మాత్రం ముందే కొంచెం ఉడికించి నీరు ఇగరనివ్వాలి. బతుకమ్మ నాటికి గంపల్లో వచ్చే సీతాఫలాన్ని పొయ్యి ఎక్కించొద్దు, వేడికి గుజ్జు చేదెక్కుతుంది. గింజలు తీసి, గుజ్జును ఫ్రిజ్‌లో చల్లబరిచి, మూకుడులో వేయించిన పొడిని వడ్డించేటప్పుడు పైన చల్లండి. ఆ రోజుల్లో ఇంట్లో మలీద ఉంటే ఆ పొడి కూడా అక్కర్లేదు, మలీదనే చల్లుకోవచ్చు.