ఒక్క 0.4 సెకను

సముద్రం పక్కన చలిలో, ఎదురుగాలిలో మారథాన్ పరిగెత్తాను. నాలుగు గంటల లక్ష్యం ఇరవై సెకన్లతో పోయింది. గాలిని తిట్టుకుంటూ ఇంటికొచ్చి తోరు తెరసావా గురించి చదివాను.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో అబెబె బికిలా చెప్పుల్లేకుండా పరిగెత్తి నెలకొల్పిన ప్రపంచ రికార్డు 2 గంటల 15 నిమిషాల 16.2 సెకన్లు. 1963 ఫిబ్రవరి 17న జపాన్‌లో, బెప్పు అఖాతం ఒడ్డున, తెరసావా దాన్ని 0.4 సెకను తగ్గించాడు. 42.195 కిలోమీటర్లకి ఒక రెప్పపాటు! ఆ రికార్డు నిలిచింది నాలుగు నెలలే. మరుసటేడు టోక్యోలో మళ్లీ బికిలాయే గెలిచాడు. సొంతగడ్డ మీద తెరసావాది 15వ స్థానం.

ఇంత కష్టానికి నాలుగు నెలలేనా అనిపించింది. కానీ నా ఇరవై సెకన్లని గాలి మీదకి నెట్టడం మాత్రం మానేశాను. ఆయనకి ఆ 0.4 దొరికింది కూడా చలికాలపు సముద్రం పక్కనే కదా.