దుప్పటి క్రింది క్రీస్తు

క్రైస్తవ చిత్రకళలో బిచ్చగానికి చోటు లేకపోలేదు. అయితే ఆ చోటు చిరకాలము ఒక ప్రక్కననే ఉండెను. మార్టిన్ అను రోమను సైనికుడు చలికి వణకుచున్న దిగంబరుని చూచి, తన పైవస్త్రమును కత్తితో కోసి సగమిచ్చెనట. ఆ రాత్రి కలలో క్రీస్తు ఆ సగము గుడ్డనే కప్పుకొని కనబడెనట. 1597-99 సంవత్సరముల నడుమ ఎల్ గ్రెకో ఈ కథను చిత్రించెను. తెల్లని గుఱ్ఱము, మెరయు కవచము, ఆకుపచ్చని వస్త్రము: చూపులన్నియు దాతమీదికే పోవును. బిచ్చగాడే క్రీస్తని కథ చెప్పుచుండగా, చిత్రము గుఱ్ఱమెక్కినవానికి పెద్దపీట వేసినది.

20వ శతాబ్దిలో ఈ స్థానములు మారినవి. 1933లో, ఆర్థికమాంద్యపు రోజులలో, డొరొతీ డే, పీటర్ మోరిన్ అనువారు న్యూయార్కునందు ‘కాథలిక్ వర్కర్’ పత్రికను ఒక్క సెంటు వెలకు అమ్మనారంభించిరి. ఇల్లులేనివారికి ఆశ్రయ గృహములను నెలకొల్పిరి. జర్మనీ విడిచివచ్చిన ఫ్రిట్జ్ ఐకెన్‌బర్గ్ ఆ పత్రికకు కొయ్యపై చెక్కి అచ్చొత్తిన బొమ్మల నిచ్చెను. 1950 ప్రాంతపు బొమ్మ యొకదానిలో, రొట్టెకై నిలిచిన బీదల బారునడుమ క్రీస్తు కూడ నిలిచియున్నాడు. పంచిపెట్టుటకు గాదు, పుచ్చుకొనుటకు. తలచుట్టు తేజస్సు మాత్రము మిగిలినది.

ఆ తేజస్సును కూడ తీసివేసినవాడు కెనడా శిల్పి టిమొతీ ష్మాల్జ్. అల్పులకు చేసినది తనకు చేసినట్లేయని క్రీస్తు పలికిన మత్తయి సువార్త 25వ అధ్యాయము ఆయనకు ఆధారము. రేడియోలో బొమ్మ చూపలేము గనుక మాటలలో చెప్పుదుము. బెంచీపై దుప్పటి ముసుగుపెట్టి పండుకొనిన కంచుమనిషి. ముఖము కానరాదు. బయటనున్నవి పాదములు, వానిపై మేకుల గాయములు. పాదముల దాపున ఒక్కరు కూర్చుండుటకు చోటున్నది. టొరంటో, న్యూయార్కులలోని రెండు పెద్ద దేవాలయములు దీనిని స్వీకరింపలేదు. తుదకు 2013లో టొరంటోలోని రీజిస్ కళాశాలలో నిలిచినది.

2014లో అమెరికాయందు, ఉత్తర కరొలినాలోని డేవిడ్‌సన్ అను ఊర, సెయింట్ ఆల్బన్స్ చర్చియెదుట మరియొక ప్రతిని ఉంచిరి. నిజముగనే ఎవరో పండుకొనియున్నారనుకొని ఒకామె పోలీసులకు ఫోను చేసెను. ఇది విని నవ్వుకొనువారుందురు. ఆ ఫోనుతోనే విగ్రహము తన పని చేసినదని మా యభిప్రాయము. ఆ ప్రతి వెల 22,000 డాలర్లు; ఆ సొమ్ముతో అన్నమే పెట్టరాదా యని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని అన్నము పెట్టువారికన్న ఫోను చేయువారు ఎక్కువగు వీథిలో, లేపి పొమ్మనుటకు వీలులేని మనిషి ఒకడుండుట కూడ అవసరమే. 2016లో వాటికనునందు పోపుగారి దానధర్మముల కార్యాలయద్వారము దాపున ఇట్టిదే ఒక ప్రతిని ఉంచిరి.