పన్నూ వారిదే, చందా వారిదే: అమెరికా దక్షిణ రాష్ట్రాలలో బడుల చరిత్ర

ప్రజలకు చదువు రావాలంటే పెద్దలంతా ఒకచోట కూర్చోవాలని అందరూ అంటారు. నిజమే. కాని కూర్చున్న చోట ఎవరికి కుర్చీ వేశారు, ఎవరికి వేయలేదు అన్న సంగతి సాధారణంగా ఎవరూ వ్రాసిపెట్టరు. అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రాలలో 1898 మొదలు ముప్పది, ముప్పది అయిదేళ్ల పాటు జరిగిన విద్యోద్యమాన్ని చూస్తే ఈ రెండో సంగతి ఎంత దూరం పోతుందో తెలుస్తుంది.

ముందుగా కొంచెం పూర్వకథ చెప్పుకోవాలి. 1861 నుండి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధానికి ముందు దక్షిణాదిలో నల్లవారు బానిసలు. బానిసకు అక్షరాలు నేర్పడం చాలా రాష్ట్రాలలో చట్టరీత్యా నేరం. యుద్ధం ముగిసి స్వేచ్ఛ వచ్చాక, ఓటు హక్కు పొందిన నల్లవారూ, వారితో కలిసి వచ్చిన కొందరు తెల్లవారూ కూర్చుని కొత్త రాజ్యాంగాలు వ్రాశారు. దక్షిణాదిలో చాలా రాష్ట్రాలకు అందరి కోసం పన్నుతో నడిచే బడి వచ్చింది ఆ రాజ్యాంగాల వల్లనే. అంటే నిన్నటి బానిస వేసిన ఓటుతోనే అక్కడి బీద తెల్లవాడి పిల్లవానికి కూడా బడి దొరికింది. తరువాతి కాలంలో ఈ మాట చెప్పడం చాలామందికి ఇష్టం లేకపోయింది.

1877 నాటికి ఢిల్లీ వంటి వారి రాజధాని వాషింగ్టన్ దక్షిణాది మీద పట్టు వదిలేసింది. పాత భూస్వాములు మళ్లీ అధికారంలోకి వచ్చారు. బడులకు డబ్బు తగ్గిపోయింది. 1890ల నాటికి పల్లెటూరి బడి అనేక చోట్ల ఏడాదికి మూడు నాలుగు నెలలు నడిస్తే గొప్ప. నిర్బంధ విద్యా చట్టం దాదాపు ఎక్కడా లేదు. తెల్లపిల్లల బడులే ఇట్లా ఉన్నాయంటే నల్లపిల్లల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఈ పరిస్థితిలో 1898 వేసవిలో పశ్చిమ వర్జీనియాలోని కేపన్ స్ప్రింగ్స్ అనే ఊట నీళ్ల ఊరి హోటలులో కొందరు పాదరీలు, కాలేజీల వారు సమావేశమయ్యారు. మొదట అది చిన్న సభ. రెండు మూడేళ్లలోనే పెద్దదయింది. న్యూయార్కులో పెద్ద బట్టల వ్యాపారం నడిపిన రాబర్ట్ ఆగ్డెన్ దానికి అధ్యక్షుడయ్యాడు. ఉత్తరాది ధనవంతులను ప్రత్యేక రైలులో ఎక్కించుకుని దక్షిణాది బడులు చూపించేవాడు. పాత దక్షిణాది సైన్యంలో పనిచేసిన జె.ఎల్.ఎం. కర్రీ, నార్త్ కరోలినాలో ఆడపిల్లలకు ట్రైనింగు కాలేజీ పెట్టించిన చార్లెస్ మెకైవర్, యూనివర్సిటీల అధ్యక్షుడు ఎడ్విన్ ఆల్డర్మన్ ఇందులో ముఖ్యులు. 1901లో సదరన్ ఎడ్యుకేషన్ బోర్డు ఏర్పడింది. మరుసటి సంవత్సరం రాక్‌ఫెల్లర్ పది లక్షల డాలర్లతో జనరల్ ఎడ్యుకేషన్ బోర్డు మొదలైంది. రెండు బోర్డులలోనూ చాలామట్టుకు వాళ్లే సభ్యులు.

పని మాత్రం బాగా చేశారు, కాదనలేము. సదరన్ బోర్డు బడులు కట్టలేదు, జనాన్ని ఒప్పించింది. కోర్టు ఆవరణలలో, చర్చి విందులలో, రచ్చబండ వంటి చోట్ల ఉపన్యాసాలు చెప్పించి, మీ ఊరి బడికి మీరే పన్ను వేసుకోండి అని ప్రచారం చేయించింది. వర్జీనియాలో 1905 మే నెలంతా గవర్నరుతో సహా పెద్దలు ఊరూరా తిరిగారు. నార్త్ కరోలినా గవర్నరు చార్లెస్ ఏకాక్ బడుల కోసమే పుట్టినట్టు మాట్లాడేవాడు. ఫలితంగా స్థానిక పన్నులు వచ్చాయి, బడి నెలలు పెరిగాయి, హైస్కూళ్లు లేచాయి. 1918లో మిసిసిపీ కూడా నిర్బంధ విద్యా చట్టం చేయడంతో దేశంలో ఆ చట్టం లేని రాష్ట్రం మిగలలేదు.

ఇక కుర్చీ సంగతి. సదరన్ బోర్డు సభ్యులలో ఒక్క నల్లవాడు లేడు. ఆనాడు దేశంలో అందరికన్నా పేరున్న నల్లజాతి విద్యావేత్త, అలబామాలోని టస్కీగీ సంస్థ స్థాపకుడు బుకర్ టి. వాషింగ్టన్‌కు కూడా అందులో సభ్యత్వం దక్కలేదు. తెల్ల ఓటర్లకు కోపం రాకూడదు, ముందు తెల్లపిల్లలకు చదువు వస్తే తరువాత వాళ్లే నల్లవారి పట్ల మెత్తబడతారు అన్నది పెద్దల లెక్క. ఇది చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కాని అదే సంవత్సరాలలో ఏం జరుగుతున్నదో చూడండి. మిసిసిపీ 1890లో, సౌత్ కరోలినా 1895లో, లూసియానా 1898లో, నార్త్ కరోలినా 1900లో, అలబామా 1901లో, వర్జీనియా 1902లో నల్లవారి ఓటు తీసివేసే నిబంధనలు తెచ్చాయి. చదవడం వచ్చినవాడికే ఓటు అన్నారు. తెల్లవాడికి చదువు రాకపోయినా తాత ఓటరైతే చాలునని నార్త్ కరోలినా మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపుకు 1908 గడువు. గడువులోగా తెల్లపిల్లలందరికీ అక్షరాలు రావాలి. ఏకాక్ గారి బడుల ప్రచారానికి అంత ఊపు రావడానికి ఇదొక కారణం.

ఓటు పోతే బడి ఎట్లా పోతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే కిటుకంతా అక్కడే ఉంది. రాష్ట్ర ఖజానా నుండి బడి డబ్బు కౌంటీకి పిల్లల తలల లెక్కన వచ్చేది. కౌంటీ అంటే మన పాత తాలూకా వంటిదనుకోవచ్చు. తలల లెక్కలో తెల్లపిల్లలు, నల్లపిల్లలు అందరూ ఉంటారు. డబ్బు కౌంటీకి చేరాక పంచేది మాత్రం కౌంటీ బోర్డు. ఆ బోర్డును ఎన్నుకునే ఓటు నల్లవాడికి లేదు. కావున నల్లపిల్లలు ఎక్కువగా ఉన్న కౌంటీలో తెల్లవారి బడికి మహర్దశ పట్టేది. నల్లపిల్లవాడు లెక్కలో ఉండేవాడు, ఖర్చులో ఉండేవాడు కాదు. బడుల కోసం పెద్దల సహకారం పెరిగిన కొద్దీ, పన్ను పెరిగిన కొద్దీ ఈ తేడా తగ్గలేదు, పెరిగింది.

ఈ మాట ఆ సభలోనే ఒకరు చెప్పారు. 1909లో అట్లాంటాలో జరిగిన వార్షిక సమావేశంలో నార్త్ కరోలినాకు చెందిన చార్లెస్ కూన్ అనే తెల్ల సూపరింటెండెంటు లెక్కలు ముందుపెట్టాడు. నల్లవారి బడులు తెల్లవారి నెత్తిన బరువు అనే మాట అబద్ధం, వారి వాటాకు రావలసినదే వారికి పూర్తిగా ముట్టడం లేదు అని చూపించాడు. పత్రికలలో గొడవ జరిగింది. బోర్డు తన దారి మార్చుకోలేదు.

కుర్చీ దొరకనివారు ఊరకే కూర్చోలేదు. ఫిలడెల్ఫియాలో అన్నా జీన్స్ అనే క్వేకరు వృద్ధురాలు 1907లో నల్లవారి పల్లె బడుల కోసం పది లక్షల డాలర్ల నిధి ఇచ్చింది. ఆ నిధి బోర్డులో నల్లవారు కూడా సభ్యులు. వర్జీనియాలోని హెన్రైకో కౌంటీలో వర్జీనియా రాండాల్ఫ్ అనే నల్లజాతి పంతులమ్మ ఒక గది బడి నడిపేది. బడికి సున్నం వేసి, చుట్టూ చెట్లు నాటి, పిల్లలకు పుస్తకంతో పాటు కుట్టుపని, వంటపని నేర్పేది. మా పిల్లలు ఇంట్లో చేసే పని బడిలో ఎందుకని మొదట తల్లిదండ్రులే అభ్యంతరం చెప్పారు. ఆమె ఇల్లిల్లూ తిరిగి ఒప్పించింది. 1908లో కౌంటీ సూపరింటెండెంటు జాక్సన్ డేవిస్ జీన్స్ నిధి జీతంతో ఆమెను చుట్టుపక్కల నల్లవారి బడులన్నిటికీ మార్గదర్శిగా నియమించాడు. తరువాత దక్షిణాదంతా వందల మంది ‘జీన్స్ టీచర్లు’ వచ్చారు. బడి తనిఖీ మొదలు చందాల వసూలు దాకా అన్నీ వీళ్ల మీదనే నడిచాయి. చరిత్ర పుస్తకాలలో గవర్నర్లకు దొరికిన చోటులో పదోవంతు కూడా వీరికి దొరకలేదు.

అసలు పెద్ద పని మాత్రం టస్కీగీలో మొదలైంది. షికాగోలో సియర్స్ రోబక్ కంపెనీని నడిపించిన జూలియస్ రోజెన్వాల్డ్ జర్మనీ నుండి వచ్చిన యూదు కుటుంబం వాడు. 1911లో బుకర్ వాషింగ్టన్‌తో పరిచయమయింది. 1912లో తన యాభయ్యవ పుట్టినరోజున టస్కీగీకి 25,000 డాలర్లు ఇచ్చాడు. అందులో మిగిలిన 2,800 డాలర్లతో చుట్టుపక్కల ఆరు పల్లె బడులు కట్టి చూద్దామని వాషింగ్టన్ అడిగాడు, ఆయన సరేనన్నాడు. మొదటిది 1913లో లోచపోకా అనే ఊళ్లో లేచింది. ఖర్చు తొమ్మిది వందల చిల్లర డాలర్లు. అందులో రోజెన్వాల్డ్‌ది 300. మిగిలినది ఆ ఊరి వాళ్లది.

ఈ పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి. రోజెన్వాల్డ్ నిధి ఎప్పుడూ బడి మొత్తం కట్టి ఇవ్వలేదు. ఊరివారు తమ వాటా వేసుకోవాలి. డబ్బు లేకపోతే జాగా, కలప, కూలి. కౌంటీ కూడా వాటా వేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, జాగా కౌంటీ బడుల బోర్డు పేరున రిజిస్టరు కావాలి, ఇకమీదట ఆ బడిని బోర్డే నడపాలి. బడి ప్రైవేటు ధర్మసంస్థగా మిగిలిపోకూడదు, సర్కారు బాధ్యతగా మారాలి అన్నది ఇందులో ఉద్దేశం. భవనం ఎట్లా ఉండాలో కూడా ప్లానులు ఇచ్చారు. మొదటి ప్లానులు టస్కీగీ వాళ్లవి. అక్కడి వాస్తుశిల్పి రాబర్ట్ టేలర్ మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థలో పట్టం పొందిన తొలి నల్లజాతి విద్యార్థి. 1920 నుండి నిధి ఆఫీసు నాష్‌విల్లులో నడిచింది. కరెంటు లేని పల్లెలు కావడం వల్ల తూర్పు పడమరలకు వరుసగా పొడవాటి కిటికీలు పెట్టారు. పిల్లవాడి పుస్తకం మీద ఎడమ వైపు నుండి వెలుగు పడాలని బెంచీలు వేసే పద్ధతి కూడా ప్లానులోనే వ్రాశారు. దొరబిడ్డలకు కూడా లేనంత మంచి గదులని కొన్ని చోట్ల తెల్లవారు అసూయపడ్డారంటే ఆశ్చర్యం లేదు.

చందా పుస్తకం పట్టుకుని తిరిగినవారికి తరువాతి సంగతి బాగా అర్థమవుతుంది. ఈ ఊళ్లలో ఎక్కువమంది కౌలుకో పాలుకో పత్తి పండించేవారు. సంవత్సరాంతాన చేతిలో మిగిలేది అప్పే. పత్తిని తినే బోల్ వీవిల్ పురుగు కూడా ఆ సంవత్సరాలలోనే దక్షిణాది అంతటా వ్యాపించింది. అయినా కొందరు ఒక ఎకరం చెక్కను బడి కోసమని విడిగా దున్ని ఆ పంట డబ్బు ఇచ్చారు. ఆడవాళ్లు విందులు వండి అమ్మారు. అలబామాలోని బొలిగీ అనే ఊళ్లో జరిగిన చందాల సభలో బానిసత్వం కళ్లారా చూసిన ఒక ముసలాయన జిడ్డు పట్టిన సంచి బల్లమీద గుమ్మరించాడు. 38 డాలర్లు. జీవితమంతా కూడబెట్టినది.

1932లో నిధి ఈ పని ఆపేనాటికి 15 రాష్ట్రాలలో, 883 కౌంటీలలో 4,977 బడులు, 217 టీచర్ల ఇళ్లు, 163 పనిముట్ల షెడ్లు లేచాయి. మొత్తం ఖర్చు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. ఇందులో రోజెన్వాల్డ్ నిధి ఇచ్చినది 43 లక్షల 64 వేలు. తెల్లవారి చందాలు 12 లక్షలు. నల్లవారు చందాగా ఇచ్చినది 47 లక్షల 25 వేలు, అంటే కోటీశ్వరుడికన్నా ఎక్కువ. మిగిలిన 1 కోటి 81 లక్షలు పన్నుల సొమ్ము. ఆ పన్నులలో కూడా నల్లవారి వాటా ఉంది. ఒకే బడికి రెండుసార్లు చెల్లించారు. చరిత్రకారుడు జేమ్స్ ఆండర్సన్ దీనిని రెండో పన్ను అని పిలిచాడు. బడులకు రోజెన్వాల్డ్ పేరు నిలిచిపోయింది. అది ఆయన తప్పు కాదు, తన పేరు పెట్టమని ఆయన షరతు పెట్టలేదు.

ఈ పద్ధతి మీద విమర్శలు లేకపోలేదు. చేతిపని చదువు పేరుతో నల్లవారిని కూలీలుగానే ఉంచుతున్నారని డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ వాషింగ్టన్ మార్గాన్ని 1903 నుండీ దుయ్యబట్టాడు. ఆ విమర్శలో నిజం ఉందని నా అభిప్రాయం. హక్కుగా రావలసిన బడి కోసం బీదవాడు చందా ఎత్తుకోవడం న్యాయమేమీ కాదు. కాని ఓటు లేనివాడు కౌంటీ బోర్డును కదిలించడానికి ఆనాడు దొరికిన కొద్ది దారులలో అది ఒకటి. ఎదురుగా డబ్బూ, జాగా, ప్లానూ పెట్టి, ఇక మీ వాటా ఏది అని అడిగితే బోర్డుకు కాదనడం కష్టమయ్యేది.

తరువాతి కథ త్వరగానే చెప్పవచ్చు. 1948లో దక్షిణాది గవర్నర్లు మళ్లీ ఒక ఒడంబడిక చేసుకుని ఉన్నత విద్య కోసం ప్రాంతీయ బోర్డు పెట్టారు. వేరు చదువుల పద్ధతిని కాపాడుకునే ఎత్తు ఇదని నల్లవారి సంఘాలు వ్యతిరేకించాయి. కాంగ్రెసు ఆమోదం దానికి దొరకలేదు. అయినా ఆ బోర్డు నిలిచింది, కాలక్రమంలో అందరికీ పనికివచ్చే సంస్థగా మారింది. 1954లో సుప్రీంకోర్టు వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. తీర్పు అమలయిన చోట్ల పిల్లలు కలిశారు, కాని మూతబడినవి ఎక్కువగా నల్లవారి బడులే. ఉద్యోగాలు పోయినవారిలో కూడా నల్ల హెడ్మాస్టర్లు, టీచర్లే ఎక్కువ. ఊరివారు కట్టిన బడి జాగా ఏనాడో కౌంటీ పేరున రిజిస్టరయి ఉంది. కౌంటీలు కొన్నిటిని వేలం వేశాయి, కొన్నిటిని గిడ్డంగులుగా వాడుకున్నాయి, కొన్ని కూలిపోయాయి. కొన్ని ఊళ్లలో మాత్రం ఆనాడు చందా ఇచ్చినవారి పిల్లలు, మనవలు మరల చందా వేసుకుని ఆ పాత బడిని కొనుక్కున్నారు.