ప్రాణం నిలిపేది రెండో గొడుగే!

ఉన్నత చదువులకు అమెరికా వెళ్లిన విద్యార్థులు, దుబాయిలో కొలువులు చేస్తున్న యువకులు విమానం నుంచి దూకుతూ తీయించుకున్న వీడియోలు స్వగ్రామాల్లోని తల్లిదండ్రుల ఫోన్లకు చేరడం కొన్నేళ్లుగా పరిపాటిగా మారింది. వాటిని చూసి మురిసిపోయేవారు కొందరైతే, గుండె ఆగినంత పనయ్యేవారు మరికొందరు. అదే ఫోన్లలో కొండ అంచుల నుంచి, వంతెనల పైనుంచి దూకేవారి దృశ్యాలు కూడా కనిపిస్తుండటంతో రెండూ ఒకటేనన్న అపోహ బలపడుతోంది. విమానం నుంచి దూకడాన్ని స్కైడైవింగ్ అంటారు. కదలని ఎత్తయిన స్థానం నుంచి దూకడాన్ని బేస్ జంపింగ్ అంటారు. ఈ రెండింటి మధ్య అసలు తేడా దూకేవాడి ధైర్యంలో కాదు, వీపుకు తగిలించుకున్న సంచిలో ఉంది. మొదటివాడి సంచిలో రెండు పారాచూట్లు ఉంటాయి. రెండోవాడి సంచిలో ఉండేది ఒక్కటే.

పట్టు పురుగు పేరిట సంఘం

1797 అక్టోబరు 22న ఫ్రాన్సు దేశస్థుడు ఆంద్రే జాక్ గార్నెరిన్ పారిస్ నగరంలో బెలూన్‌లో పైకి వెళ్లి, సుమారు 3 వేల అడుగుల ఎత్తు నుంచి పట్టుగుడ్డతో చేసిన పారాచూట్ సాయంతో దిగాడు. గొడుగు నడినెత్తిన గాలి పోవడానికి రంధ్రం లేకపోవడంతో దారి పొడవునా లోలకంలా ఊగిపోయాడు. విమానం వదిలిన తరువాత తన చేతితోనే తాడు లాగి పారాచూట్ విప్పుకోవచ్చని 1919 ఏప్రిల్ 28న అమెరికాకు చెందిన లెస్లీ ఇర్విన్ నిరూపించాడు. గాలిలో వేగంగా పడిపోతున్న మనిషికి స్పృహ తప్పుతుందని, చెయ్యి కదపలేడని అంతవరకు చాలామంది నమ్మేవారు. నేలకు దిగేటప్పుడు ఇర్విన్ చీలమండ విరిగింది గానీ ఆ నమ్మకం అంతటితో చెల్లిపోయింది.

ఇర్విన్ సంస్థ ప్రారంభించిన ‘క్యాటర్‌పిల్లర్ క్లబ్’ నేటికీ ప్రసిద్ధమే. పారాచూట్ వల్ల ప్రాణం దక్కించుకున్న వైమానికులకు అందులో సభ్యత్వం, పట్టు పురుగు ఆకారంలో చిన్న బంగారు పిన్ను ఇచ్చేవారు. 1922 అక్టోబరు 20న చెడిపోయిన విమానం నుంచి దూకి బతికిన హెరాల్డ్ హారిస్ ఉదంతంతోనే ఈ సంఘానికి బీజం పడింది. ధర్మవరంలోనూ, పోచంపల్లిలోనూ చీరలయ్యే పట్టే ఆనాడు పైలట్ల ప్రాణాలు నిలిపిందన్నమాట. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టు స్థానాన్ని నైలాన్ ఆక్రమించింది. 1960వ దశకం మధ్యలో డొమినా జాల్బెర్ట్ రూపొందించిన గాలి గదుల పారాచూట్‌తో గుండ్రని గొడుగు కాలం ముగిసింది. ఇది రెండు పొరల గుడ్డ మధ్య గాలి నిండి విమానం రెక్కలా మారుతుంది. దిగేవాడు కోరిన దిక్కుకు మలుపు తిప్పుకోవచ్చు, నేలకు చేరే ముందు వేగం తగ్గించుకోవచ్చు.

సంచిలో ఏముంటుంది?

స్కైడైవర్ సాధారణంగా 10 వేల నుంచి 13 వేల అడుగుల ఎత్తులో విమానం వదులుతాడు. సుమారు 10, 12 సెకన్లలో అతని వేగం గంటకు 190 కిలోమీటర్లకు చేరి అక్కడే నిలుస్తుంది. అంతకు మించి పెరగకుండా గాలి అడ్డుకుంటుంది. 13 వేల అడుగుల నుంచి దూకితే దాదాపు నిమిషం పాటు ఇలా పడిపోతాడు. మణికట్టుకు కట్టుకున్న ఆల్టీమీటర్ ఎత్తును చూపుతుంటే, శిరస్త్రాణంలోని మరో పరికరం నిర్ణీత ఎత్తులో చెవి దగ్గర కూత పెడుతుంది.

పారాచూట్ విప్పదలచినప్పుడు సంచి అడుగున కుడివైపున్న చిన్న పిడిని లాగి గాలిలోకి విసురుతాడు. ఆ పిడి చివర ఉండేది ‘పైలట్ చూట్’ అనే బుల్లి పారాచూట్. అది గాలి పట్టుకుని, తనకు కట్టిన పగ్గంతో సంచి మూతను బిగించిన పిన్నును ఊడదీసి, మడత పెట్టిన ప్రధాన పారాచూట్‌ను బయటికి ఈడుస్తుంది. తాళ్ల మధ్యన ‘స్లైడర్’ అనే నలుచదరపు గుడ్డ ఉంటుంది. పారాచూట్ ఒక్కసారిగా విచ్చుకోకుండా ఆపి, నెమ్మదిగా కిందికి జారుతుంది. ఆ గుడ్డ ముక్కే లేకుంటే గంటకు 190 కిలోమీటర్ల వేగంలో తగిలే కుదుపుకు గొడుగు చిరగవచ్చు, దూకినవాడి మెడ దెబ్బతినవచ్చు.

ప్రధాన పారాచూట్ సరిగా విచ్చుకోకుంటే ఏమిటన్నదే అందరి ప్రశ్న. తాళ్లు పెనవేసుకోవచ్చు, గుడ్డ ఒక పక్కకు ముడుచుకుని గిరగిరా తిరగవచ్చు. అటువంటప్పుడు రొమ్ము మీద కుడివైపున్న పిడిని లాగితే పాడైన పారాచూట్ మొత్తం ఊడిపోతుంది. వెంటనే ఎడమవైపు పిడిని లాగితే రిజర్వ్ పారాచూట్ తెరుచుకుంటుంది. పాడైన గొడుగును వదిలించుకోకుండా రెండోదాన్ని విప్పితే రెండూ చిక్కుపడే ప్రమాదం ఉన్నందున ఈ వరుసను శిక్షణలో వందలసార్లు అభ్యాసం చేయిస్తారు. బిల్ బూత్ అనే అమెరికన్ 1970వ దశకంలో కనిపెట్టిన మూడు ఉంగరాల అమరిక ఈ పనిని సులభం చేసింది. ఒకదానిలో ఒకటి దూరిన మూడు లోహపు ఉంగరాలు మనిషి బరువు మొత్తాన్ని మోస్తాయి. వాటిని పట్టి ఉంచేది మాత్రం సన్నని ఉచ్చు ఒక్కటే. పిడి లాగగానే ఉచ్చు జారుతుంది, ఉంగరాలు విడిపోతాయి. వీపున ఎంత బరువు వేలాడుతున్నా చేతికి పెద్దగా బలం అక్కర్లేదు.

ప్రధాన పారాచూట్‌ను దూకేవారే మడత పెట్టుకోవచ్చు. రిజర్వ్ విషయంలో అలా కుదరదు. అమెరికాలో దాన్ని లైసెన్సు పొందిన ‘రిగ్గర్’ మాత్రమే తనిఖీ చేసి, మడిచి, ముద్ర వేయాలి. ఒక్కసారి కూడా వాడకపోయినా 180 రోజులకొకసారి విప్పి మళ్లీ మడవాల్సిందే. ఆ తేదీ, రిగ్గర్ సంతకం ఉన్న చీటీ సంచితోనే ఉంటుంది.

స్పృహ తప్పినా తెరుచుకునే ఏర్పాటు

దూకినవాడు స్పృహ కోల్పోతే రెండు పిడులూ నిరర్థకమే. అమెరికా వైమానిక దళానికి చెందిన జో కిట్టింగర్‌కు 1959 నవంబరులో ఇదే జరిగింది. బెలూన్‌లో 76 వేల అడుగుల ఎత్తుకు వెళ్లి దూకిన ఆయన మెడకు, ముందుగానే తెరుచుకున్న చిన్న పారాచూట్ తాడు చుట్టుకుంది. బొంగరంలా తిరుగుతూ స్పృహ తప్పిన కిట్టింగర్‌ను స్వయంచాలితంగా తెరుచుకున్న రిజర్వ్ పారాచూట్ కాపాడింది. ఏడాది తిరగకముందే 1960 ఆగస్టు 16న ఆయన 1,02,800 అడుగుల నుంచి దూకి చరిత్రకెక్కారు. ఆ ఎత్తును దాటడానికి 52 ఏళ్లు పట్టింది. 2012 అక్టోబరు 14న ఆస్ట్రియాకు చెందిన ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ సుమారు 39 కిలోమీటర్ల నుంచి దూకి ధ్వని వేగాన్ని మించారు. 2014లో అలన్ యూస్టేస్ 41 కిలోమీటర్లు దాటి ఆ రికార్డునూ చెరిపేశారు.

జర్మనీలో హెల్ముట్ క్లోత్ రూపొందించిన ‘సైప్రెస్’ 1991లో మార్కెట్లోకి వచ్చాక సామాన్య స్కైడైవర్‌కూ ఈ రక్షణ దక్కింది. సంచిలో అమర్చే ఈ చిన్న యంత్రం గాలి పీడనాన్ని బట్టి ఎత్తును, వేగాన్ని లెక్కగడుతుంది. అనుభవజ్ఞుల కోసం తయారైన నమూనా 750 అడుగుల ఎత్తు దగ్గర కూడా మనిషి గంటకు సుమారు 125 కిలోమీటర్లకు మించిన వేగంతో పడుతున్నట్లు గుర్తిస్తే, రిజర్వ్‌ను బిగించిన తాడును తనంతట తానే తెంచేస్తుంది. పూర్తి వేగంలో ఉన్నవాడు నేలను తాకడానికి అప్పటికి మిగిలేది నాలుగు సెకన్ల పైచిలుకు మాత్రమే.

అమెరికా పారాచూట్ సంఘం లెక్కల ప్రకారం 1970వ దశకంలో ఆ దేశంలో ఏటా సగటున 40 మందికి పైగా ఈ క్రీడలో చనిపోయేవారు. 2023లో 36 లక్షలకు పైగా దూకుళ్లు జరిగితే మరణించినవారు 10 మంది. పరికరాలు ఇంతగా మెరుగుపడిన తరువాత కూడా ప్రమాదాలు ఎందుకన్న సందేహం సహజం. చక్కగా విచ్చుకున్న పారాచూట్ కిందే పలువురు చనిపోతుండటం గమనార్హం. నేలకు దగ్గరలో తాడు బలంగా లాగి మలుపు తిప్పితే పారాచూట్ ముందుకు వాలి దూసుకుపోతుంది. తిరిగి నిటారు కావడానికి కావలసిన ఎత్తు అప్పటికి మిగలదు. తమ అనుభవానికి మించి చిన్నదైన, వేగమైన పారాచూట్‌ను ఎంచుకున్నవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ. ఈ తప్పును ఏ యంత్రమూ సరిదిద్దలేదు.

వంతెన మీద ఆ యంత్రం పనికిరాదు

భవనం, యాంటెన్నా స్తంభం, వంతెన, కొండ అన్న నాలుగింటి ఆంగ్ల పదాల తొలి అక్షరాలు కలిపి 1981లో ‘బేస్’ అన్న పేరు పెట్టారు. దీనికి ఆద్యుడిగా గుర్తింపు పొందిన చలనచిత్ర ఛాయాగ్రాహకుడు కార్ల్ బోయినిష్, 1978లో కాలిఫోర్నియాలోని ఎల్ క్యాపిటన్ శిఖరం నుంచి మిత్రులు దూకగా చిత్రీకరించాడు. 1984 జులైలో నార్వేలోని ట్రోల్ గోడ వద్ద భార్య జీన్‌తో కలిసి రికార్డు దూకుడు పూర్తి చేసిన మర్నాడే, అదే పర్వతం నుంచి మళ్లీ దూకి మృతి చెందాడు. 1986లో నార్వే ప్రభుత్వం అక్కడ దూకడాన్ని నిషేధించింది.

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ట్విన్ ఫాల్స్ వద్ద ఉన్న పెరీన్ వంతెన నుంచి ఏడాది పొడవునా అనుమతి లేకుండానే దూకవచ్చు. దాని ఎత్తు 486 అడుగులు. సైప్రెస్ యంత్రం మేలుకునే ఎత్తు 750 అడుగులన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అంటే దూకుడు మొదలయ్యేదే ఆ యంత్రం పరిధి కింద. పారాచూట్ విప్పకుంటే వంతెన నుంచి నీటిని తాకడానికి పట్టేది ఆరు సెకన్లలోపే. మొదటిది విఫలమైందని గుర్తించి, వదిలించుకుని, రెండోది విప్పుకునే వ్యవధి ఉండదు కాబట్టే రిజర్వ్‌ను మోయడం లేదు. నిర్లక్ష్యంతో వదిలేసింది కాదిది, ఎత్తు చాలక వదులుకున్నది.

ఉన్న ఒక్క గొడుగే తప్పక విచ్చుకోవాలి కనుక పరికరాలూ మారిపోయాయి. తక్కువ వేగంలోనూ గాలి పట్టేందుకు పైలట్ చూట్ పెద్దదిగా ఉంటుంది. తక్కువ ఎత్తు దూకుళ్లలో స్లైడర్‌ను కిందికి కట్టేస్తారు, లేదా తీసేస్తారు. పారాచూట్ కూడా స్కైడైవింగ్‌లో వాడేదానికన్నా పెద్దది, సాధు స్వభావం గలది. మడత పెట్టడానికి గంట పట్టినా ఎవరూ తొందరపడరు. విమానం వదిలినవాడికి ఎదురుగాలి వెంటనే దొరుకుతుంది, ఒళ్లు నిలదొక్కుకోవచ్చు. కొండ వదిలినవాడికి తొలి రెండు మూడు సెకన్లు ఆ ఆసరా ఉండదు. అంచు వద్ద వేసిన అడుగు తడబడితే గాలిలో దిద్దుకోవడం కష్టం. అన్నిటికన్నా భయపడేది, పారాచూట్ చక్కగానే విచ్చుకుని కొండవైపు తిరిగి ఉండటం. ఆకాశంలో ఎటు తిరిగినా నష్టం లేదు. ఇక్కడ రాయికి కొట్టుకుంటారు. అందుకే స్కైడైవింగ్‌లో కనీసం 200 దూకుళ్ల అనుభవం లేనిదే ఈ వైపు రావద్దని అనుభవజ్ఞులు హెచ్చరిస్తుంటారు.

నార్వేలోని షెరాగ్ కొండ వద్ద 1995 నుంచి 2005 వరకు జరిగిన 20,850 దూకుళ్లను వైద్యులు పరిశీలించగా 9 మంది మరణించినట్లు తేలింది. దాదాపు 2,300 దూకుళ్లకు ఒకరన్నమాట. అమెరికాలో 2023 నాటి స్కైడైవింగ్ లెక్కతో చూస్తే ఇది ఎన్నో రెట్లు అధికం. రెక్కల దుస్తులు ధరించి కొండలను రాసుకుంటూ ఎగిరేవారి పరిస్థితి మరింత ప్రమాదకరం. ప్రఖ్యాత పర్వతారోహకుడు డీన్ పాటర్ 2015 మే 16న యోసెమిటీలో ఇలాగే దుర్మరణం పాలయ్యారు.

శ్రీహరికోట తీరంలోనూ అదే సూత్రం

మన దేశంలో పారాచూట్ దూకుడుకు పెట్టింది పేరు ఆగ్రా. వైమానిక దళ శిక్షణ పాఠశాల, పారాచూట్లు రూపొందించే డీఆర్‌డీవో ప్రయోగశాల అక్కడే ఉన్నాయి. రైల్వే ఉద్యోగిని రేచల్ థామస్ 2002లో ఉత్తర ధ్రువం మీద 7 వేల అడుగుల నుంచి దూకి 2005లో పద్మశ్రీ అందుకున్నారు. సామాన్య పౌరులకు హరియాణాలోని నార్నౌల్ వంటి కొద్ది చోట్ల మాత్రమే అవకాశం లభించింది.

రెండో గొడుగు సూత్రాన్ని కళ్లారా చూపిన ఘటన మాత్రం మన తీరంలోనే జరిగింది. గగన్‌యాన్ వ్యోమగాముల కోసం ఇస్రో రూపొందించిన గదిని 2023 అక్టోబరు 21న శ్రీహరికోట నుంచి ప్రయోగించగా, అది పారాచూట్ల సాయంతో బంగాళాఖాతంలో క్షేమంగా దిగింది. ఆ గదిని చివర్లో మోసేవి మూడు ప్రధాన పారాచూట్లు. నిజానికి రెండు విచ్చుకున్నా సరిపోతుంది.

సంతకం పెట్టే ముందు...

విదేశాల్లో మనవాళ్లు దూకేది ఎక్కువగా ‘టాండెం’ పద్ధతిలో, అంటే శిక్షకుడి రొమ్ముకు కట్టుకుని. ఈ సంచిలోనూ రెండు పారాచూట్లు, స్వయంచాలిత యంత్రం ఉంటాయి. ఇద్దరి బరువుకు వేగం మితిమీరకుండా ‘డ్రోగ్’ అనే చిన్న పారాచూట్ వెనుక నుంచి లాగి పడుతుంది. ప్రధాన పారాచూట్‌ను సుమారు 5 వేల అడుగుల ఎత్తులోనే విప్పుతారు. ప్రమాదం జరిగితే దావా వేయబోమని ముందే సంతకం చేయించుకుంటారు. పేజీలకు పేజీలున్న ఆ పత్రాన్ని చదవకుండా సంతకం చేసేవారే ఎక్కువ.

చదవడంతో పాటు అడగడం కూడా అవసరం. అమెరికా పారాచూట్ సంఘం నిబంధనల ప్రకారం టాండెం శిక్షకుడికి కనీసం 500 దూకుళ్లు, మూడేళ్ల అనుభవం, అత్యున్నత స్థాయి లైసెన్సు ఉండాలి. 2016 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లోడై సమీపంలో పారాచూట్ విచ్చుకోక 18 ఏళ్ల యువకుడు, శిక్షకుడు ఇద్దరూ మరణించారు. ఆ శిక్షకుడికి సరైన ధ్రువీకరణ లేదని విచారణలో బయటపడింది. ఫలానా శిక్షకుడికి అర్హత ఉందా, రిజర్వ్‌ను చివరిసారి ఎప్పుడు మడిచారు అని అడిగితే నాణ్యమైన కేంద్రంలో ఎవరూ నొచ్చుకోరు. చీటీ తీసి చూపిస్తారు. గాలి ఎక్కువగా ఉందని దూకుడును వాయిదా వేస్తే డబ్బు దండగైందని గొడవపడటం తగదు. దిగే ముందు కాళ్లు ఎత్తి ముందుకు చాపమని శిక్షకుడు చెప్పినప్పుడు ఫొటో కోసం కెమెరా వైపు చూస్తూ మరచిపోయినవారికి విరిగేది చీలమండే.