బరువుగా మాత్రమే మిగిలిన సరుకు: ట్రక్కు అనుకరణ క్రీడల్లో రవాణా వాస్తవికత, బీజాపూర్ మార్గాల నేపథ్యం

ట్రక్కు నడిపే పనిని కంప్యూటర్ తెర మీద పునర్నిర్మించే ఆటలను అనుకరణ క్రీడలు అంటారు. వీటిలో ఓడించవలసిన శత్రువు ఉండడు. ఒక ఊరిలో ఎత్తిన సరుకును మరొక ఊరిలో చెప్పిన వేళకు దించడమే ఆట మొత్తం. చెక్ దేశపు ప్రాగ్ నగరంలోని ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2002లో మొదలుపెట్టిన 'ఎయిటీన్ వీల్స్ ఆఫ్ స్టీల్' వరుస నుంచి 2012లో వచ్చిన 'యూరో ట్రక్ సిమ్యులేటర్ 2', 2016లో వచ్చిన 'అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్' వరకు ఈ ప్రక్రియ సాగించిన ప్రయాణాన్ని గమనిస్తే, వాహనాన్ని చూపించడంలో అది సాధించిన నైపుణ్యం అబ్బురపరుస్తుంది. సరుకు విషయంలో మాత్రం అంత శ్రద్ధ కనబడదు. లారీ మోసేది దేనిని, అది ఎందుకు చెడుతుంది, ఎవరి చేతుల మీదుగా ఎక్కి దిగుతుంది, ఏ కాగితం లేకపోతే ఆగిపోతుంది అన్న ప్రశ్నలు ఆట నిర్మాణంలోకి దాదాపు రాలేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతానికి నైరుతి కొనన, తెలంగాణ, మహారాష్ట్రల సరిహద్దున ఉన్న బీజాపూర్ జిల్లా దారులను ప్రమాణంగా పెట్టుకుని ఆ లోటును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆటలో సరుకు చేరవేత ఎలా కూర్చబడిందో చూడాలి. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో ఆటగాడు పనుల పట్టికలో ఒకదాన్ని ఎంచుకుంటాడు. పట్టికలో సరుకు పేరు, బరువు, దూరం, గడువు, కిరాయి ఉంటాయి. అద్దె ట్రెయిలరు అప్పటికే నిండి సిద్ధంగా ఉంటుంది; సొంత ట్రెయిలరైతే లోడింగ్ స్థలంలో నిలిపిన కాసేపటికి తెర నల్లబడి, తిరిగి వెలిగేసరికి సరుకు ఎక్కి ఉంటుంది. దారిలో దేన్నైనా గుద్దితే సరుకు నష్టం శాతాల్లో పెరుగుతుంది, ఆ మేరకు కిరాయి తగ్గుతుంది. ఎర్ర దీపం దాటినా, వేగం మించినా జరిమానా పడుతుంది. విశ్రాంతి లేకుండా నడిపితే నిద్ర ముంచుకొస్తుంది. గమ్యం చేరాక ట్రెయిలరును గీసిన గడిలోకి వెనక్కి నడిపి నిలిపితే అదనపు అనుభవ అంకాలు దక్కుతాయి. పేలుడు పదార్థాల వంటి ప్రమాదకర సరుకులకు, సున్నితమైన వాటికి, విలువైన వాటికి, తొందర సరుకులకు వేర్వేరు నైపుణ్య మెట్లు కూడా ఉన్నాయి. సరుకుల మధ్య తేడా ఉందని నిర్మాతలకు తెలియదని ఎవరూ అనలేరు. కానీ ఆ తేడాలన్నీ చివరకు కిరాయి హెచ్చుతగ్గులుగా, ఏ పని ఎప్పుడు అందుబాటులోకి వస్తుందన్న షరతులుగా తేలతాయి. రోడ్డు మీదికి వచ్చాక ఆపిల్ పళ్లైనా, ఇనుప గొట్టాలైనా ఇంజను లాగవలసిన ఇన్ని టన్నులే.

వాస్తవికత అన్న భావనను కొంత విడదీసి చూడవలసిన చోటు ఇదే. అలెగ్జాండర్ గాలోవే 2004లో 'గేమ్ స్టడీస్' పత్రికలో వెలువరించిన వ్యాసంలో, దృశ్యం అచ్చంగా లోకంలా కనబడటం వేరు, ఆటగాడు బతికే సామాజిక పరిస్థితికీ ఆటలో చేసే చర్యకూ పొంతన ఉండటం వేరు అని వాదించి, రెండవదాన్నే సామాజిక వాస్తవికతగా గుర్తించాడు. ఆయన ఉదాహరణలు యుద్ధ క్రీడల నుంచి వచ్చినవి. అయినా ఆ విభజన లారీకి ఇంకా బాగా సరిపోతుంది. అద్దం మీద జారే వాన చుక్కలు, గేరు మారినప్పటి మోత, ట్రెయిలరుకు కట్టిన గాలి గొట్టాల ఊగు మొదటి తరగతికి చెందుతాయి. ఆ వానకు లోపలి సరుకు తడిసిందా అన్న ప్రశ్న రెండవ తరగతిది, అది ఆటలో పుట్టనే పుట్టదు.

బీజాపూర్ 2007లో దంతెవాడ నుంచి విడిపడి జిల్లా అయింది. నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి సిరోంచ దాటి, తిమేడ్ వద్ద ఇంద్రావతి మీది వంతెనతో ఈ జిల్లాలోకి వచ్చి, భోపాలపట్నం, మద్దేడు, బీజాపూర్, భైరమ్‌గఢ్ మీదుగా గీదం వైపు సాగుతుంది. హైదరాబాద్, వరంగల్, ఏటూరునాగారం నుంచి వచ్చే 163వ నంబరు రహదారి ముల్లకట్ట వద్ద గోదావరిని దాటి, వాజేడు, తార్లగూడెం మీదుగా భోపాలపట్నంలో దానితో కలుస్తుంది. భోపాలపట్నం చుట్టుపక్కల తెలుగు ఇంటి భాషగా మాట్లాడే కుటుంబాలున్నాయి. సంతలో తెలుగు, గోండి, హల్బీ, హిందీ కలిసి వినబడతాయి. పామేడు వంటి ఊళ్లకు చాలాకాలం జిల్లా కేంద్రం నుంచి కన్నా తెలంగాణలోని చర్ల వైపు నుంచే రాకపోకలు సులువుగా ఉండేవి. బీజాపూర్ నుంచి భోపాలపట్నం సుమారు 50 కిలోమీటర్లు. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 పటాన్ని పట్టణాల వెలుపల సుమారు 19వ వంతుకు కుదించారు. అంటే ఆ కొలతలో ఈ దూరం మూడు కిలోమీటర్లలోపే ముగుస్తుంది. ఆట గడియారం కూడా అదే నిష్పత్తిలో పరుగెడుతుంది గనుక ఈ కుదింపును తప్పుపట్టనక్కర లేదు. కుదించకూడనివి వేరే ఉన్నాయి.

ఈ అడవి ప్రాంతం నుంచి లారీకెక్కే సరుకుల్లో తునికాకును మించిన ఉదాహరణ దొరకదు. బీడీ చుట్టడానికి వాడే ఈ ఆకు కోత ఎండాకాలంలో కొద్ది వారాల పని. యాభై ఆకులను ఒక కట్టగా కడతారు. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా, అంటే 50,000 ఆకులు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో ప్రామాణిక బస్తా ధరను 4,000 రూపాయల నుంచి 5,500 రూపాయలకు పెంచింది. తెలంగాణ వైపు కల్లం అనీ, బస్తర్‌లో ఫడ్ అనీ పిలిచే మైదానంలో కట్టలను వరుసలుగా పరిచి ఎండబెడతారు. బాగా ఎండిన ఆకును అలాగే గోనెలో కుక్కితే పొడిపొడి అవుతుంది గనుక, సంచులకెత్తే ముందు నీళ్లు చిలకరించి మెత్తబరుస్తారు. ఆ తడి ఎక్కువైతే గోనెలో బూజు పడుతుంది, తక్కువైతే తొక్కిడికి ఆకు విరుగుతుంది. కోత మధ్యలో అకాల వర్షం కురిస్తే కల్లంలోని ఆకుకు మచ్చలు వచ్చి ధర పడిపోతుంది. పైగా ఎండిన ఆకు నిప్పుకు ఆహారం. అటవీ శాఖ ఇచ్చే రవాణా అనుమతి పత్రం లేకుండా లారీ కదలరాదు.

ఈ సరుకును ఆటలోకి తెస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. 'తునికాకు, ఇన్ని టన్నులు' అని పట్టికలో ఒక వరుస చేరుతుంది. కానీ అది తేలికైన సరుకు: లారీ తూకానికి కన్నా ముందే కొలతకు నిండిపోతుంది, సంచులు పక్కబల్లల పైకి గోపురంలా లేస్తాయి, బరువు కేంద్రం పైకి పోయి మలుపుల్లో బండి వాలుతుంది. తాడు ఎలా బిగించారు, టార్పాలిన్ ఎక్కడ చిరిగింది అన్నవి డ్రైవరుకు ఇంజను పరిస్థితి కన్నా ముఖ్యమవుతాయి. దెబ్బ తగిలితేనే నష్టం అన్న ఒకే సూత్రంతో నడిచే ఆట, ఎక్కడా తగలకుండా జాగ్రత్తగా నడిపినా సరుకు పాడయ్యే ఈ అవకాశాన్ని గ్రహించలేదు. మిర్చి సంగతీ ఇంతే. ములుగు, భద్రాద్రి జిల్లాల చేలలో మిరపకాయలు ఏరడానికి బీజాపూర్ పల్లెల నుంచి ప్రతి ఏటా కూలీలు వలస వస్తారు. అక్కడ బస్తాల్లోకి ఎక్కిన పంట ఖమ్మం, వరంగల్, గుంటూరు మార్కెట్లకు చేరేలోపు తేమ ఆరి తూకం తగ్గుతుంది. ఎక్కించినప్పటి కాటాకూ దించినప్పటి కాటాకూ మధ్య తేడాను దొంగతనమనాలా, ఆరుదల అనాలా అన్న తగాదా లారీ వ్యాపారంలో నిత్యం ఉండేదే. ఆటలో బరువు బయలుదేరినప్పుడు ఎంతో చేరినప్పుడూ అంతే.

గడువు విషయంలో వైరుధ్యం మరింత లోతైనది. ఆటలో గడువు గంటల్లో ఉంటుంది. కాలం ఆటగాణ్ణి తరిమే గడియారం. బీజాపూర్‌లో సరుకును తరిమేది ఋతువు. వానాకాలంలో వాగులు పొంగి తెగిపోయే పల్లెల చౌకధరల దుకాణాలను పరిపాలనా భాషలో 'పహుంచ్‌విహీన్' అంటే చేరరాని కేంద్రాలుగా గుర్తించి, తొలకరికి ముందే కొన్ని నెలలకు సరిపడే బియ్యాన్ని అక్కడికి తోలి నిల్వ చేస్తారు. ఈ చేరవేతలో రెండు గంటల ఆలస్యం లెక్కలోకి రాదు. మొదటి పెద్ద వాన ముందుగా వస్తే మాత్రం ఎన్నో కుటుంబాల తిండి ఇరకాటంలో పడుతుంది. లారీ పోగలిగినంత మేర లారీ, అక్కడి నుంచి ట్రాక్టరు, ఆపైన మనుషుల భుజాలు. రవాణా అధ్యయనాల్లో చివరి అంచె అనే ఈ భాగమే ఇక్కడ అసలు పని. ప్రధాన రహదారి మీద కూడా భద్రత లేదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరిన వరద తెలిసిందే. అలాంటి వేళల్లో వాజేడు మండలం టేకులగూడెం దగ్గర 163వ నంబరు రహదారి మునిగి, రెండు రాష్ట్రాల మధ్య లారీలు రోజుల తరబడి నిలిచిపోతాయి.

ఈ భూమికి దగ్గరగా వచ్చిన క్రీడ ఏదైనా ఉంటే అది 2020 నాటి 'స్నోరన్నర్'. 2014లో వచ్చిన 'స్పిన్‌టైర్స్' నుంచి వారసత్వంగా వచ్చిన దాని సాంకేతికతలో నేల చక్రం కింద నలిగి రూపు మారుతుంది, బురద చక్రాన్ని మింగుతుంది, బండి ఒరిగితే దుంగలు, దూలాలు నేల మీద దొర్లుతాయి, వాటిని క్రేనుతో మళ్లీ ఎక్కించాలి. విరిగిన వంతెనకు పలకలు, ఇనుప దూలాలు చేర్చి దాన్ని నిలబెట్టడం అందులో ఒక పని. ఒక చేరవేత తరువాతి చేరవేతకు దారి వేస్తుందన్న ఈ ఆలోచన నిజంగా గొప్పది, బస్తర్ దారుల చరిత్ర తెలిసినవారికి అది వెంటనే తడుతుంది. అయితే ఒక ప్రాంతపు బురద ఎప్పటికీ బురదగానే ఉంటుంది, ఎండాకాలం రాదు. చాలా పనులకు గడువే లేదు. అన్నిటికన్నా పెద్ద లోటు, ఆ నేల మీద మనుషులు లేరు. దారి ఎవరి కోసమో, అది పడటాన్ని ఎవరు కోరారో, ఎవరు అడ్డుకున్నారో ఆ ఆటకు అవసరం లేదు. మావోయిస్టు సంఘర్షణలో బీజాపూర్‌లో దశాబ్దాలపాటు రోడ్డు నిర్మాణ యంత్రాలు తగలబడ్డాయి, మందుపాతరలు పేలాయి, కాపలా లేకుండా తారు పడని దారులున్నాయి. ఇక్కడి రోడ్డు వెనుక ఉన్న ఈ చరిత్రను బురద లోతుతో కొలవలేము.

కాగితాల సంగతి ఆటల్లో పూర్తిగా విడిచిపెట్టబడింది. లారీ డ్రైవరు చేతిలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఇచ్చే బిల్టీ, అంటే సరుకు స్వీకరించినట్టు రవాణాదారు ఇచ్చే రసీదు, ఉండాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే సాధారణంగా ఈ-వే బిల్లు కూడా ఉండాలి. 2018 ఏప్రిల్ నుంచి రాష్ట్రాల మధ్య రవాణాకు అమలైన ఈ బిల్లుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుబాటు ఉంటుంది. టేకులగూడెం దగ్గర వరదలో నిలిచిన లారీకి డీజిలు తరగకపోవచ్చు గానీ బిల్లు గడువు తరిగిపోతుంది. సమయానికి పొడిగించుకోకపోతే నిర్దోషమైన సరుకు నేరమవుతుంది. వడ్ల విషయంలో దిశ కూడా ప్రశ్నే. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం క్వింటాలుకు 3,100 రూపాయల లెక్కన కొన్న 2024-25 కాలంలో సాధారణ రకానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2,300 రూపాయలు. కొనుగోళ్ల కాలంలో పొరుగు రాష్ట్రాల వడ్లు లోపలికి రాకుండా ఆ రాష్ట్రం సరిహద్దుల్లో తనిఖీ కేంద్రాలు పెడుతుంది. అదే లారీ, అవే బస్తాలు, అదే రోడ్డు. భోపాలపట్నం నుంచి బయటికి వెళ్తే మామూలు రవాణా, తార్లగూడెం నుంచి లోపలికి వస్తే అనుమానాస్పదం. సరుకు అర్థాన్ని దిశ మార్చే ఇటువంటి పరిస్థితిని ఆటగా మలచడం సాంకేతికంగా ఏమంత కష్టం కాదు. రెండు ఊళ్ల మధ్య ధరల తేడాను, తనిఖీని లెక్కించే పద్ధతి వ్యాపార క్రీడల్లో ఎప్పటి నుంచో ఉంది.

శ్రమ గురించి కొంత చెప్పాలి. యూరప్ నిబంధనల ప్రకారం నాలుగున్నర గంటల డ్రైవింగ్ తరువాత 45 నిమిషాల విరామం, సాధారణంగా రోజుకు 9 గంటల పరిమితి ఉన్నాయి. అలసటను జరిమానాతో ముడిపెట్టిన ఆట ఆ సమాజంలో పుట్టడం సహజం. మన దేశంలోనూ 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలే నిర్దేశించింది. ఆచరణలో డ్రైవరు రోజును నిర్ణయించేవి లోడింగ్ దగ్గర పడిగాపులు, హమాలీలు దొరికే వేళ, గోదాము తెరిచే వేళ. క్లీనరు అనే రెండవ మనిషి ఈ క్రీడల క్యాబిన్లలో కనబడడు. వెనక్కి తిప్పేటప్పుడు దారి చూపేది, రాత్రి సరుకు మీద పడుకుని కాపలా కాసేది, టార్పాలిన్ ఎక్కి కప్పేది ఆ కుర్రాడే. ఆటలో అంకాలు తెచ్చిపెట్టే ఆ వెనక్కి నిలిపే నైపుణ్యం ఇక్కడ ఇద్దరిది.

కిరాయి లెక్కలో కూడా ఇదే ఒంటరితనం కనబడుతుంది. ఆటలో కిరాయి దూరానికి తగ్గట్టు పెరుగుతుంది, పని దించిన ఊరిలోనే మరో పని పట్టికలో సిద్ధంగా ఉంటుంది. వరంగల్ నుంచి సిమెంటు, కిరాణా తెచ్చి భోపాలపట్నంలో దించిన లారీకి తునికాకు, చింతపండు, వడ్ల కాలం అయితే తిరుగు లోడు దొరకవచ్చు. లేని నెలల్లో ఖాళీగా వెళ్లాలి గనుక రానుపోను ఖర్చు మొత్తం మొదటి కిరాయిలోనే కలుస్తుంది, ఆ భారం చివరకు సిమెంటు బస్తా ధర మీద, ఉప్పు ప్యాకెట్టు ధర మీద పడుతుంది. మారుమూల దుకాణంలో వస్తువు ఎందుకు ఖరీదవుతుందో ఆటగాడికి అనుభవంలోకి తేగల సూత్రం ఇందులో ఉంది. అడవి సరుకుకు కాలాన్ని బట్టి రాకపోకలు కల్పించి, ఖాళీ బండి నడిచిన ప్రతి కిలోమీటరును తరువాతి ఊరి ధరల్లోకి చేర్చగలిగితే చాలు. చక్రం, ఇంజను, వాన ఇప్పటికే అందుకు సిద్ధంగా ఉన్నాయి.