జింక కొవ్వు కాచే పూట

డిసెంబరు నడిమి శనివారం, పొద్దున తొమ్మిది గంటలు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, మ్యాడిసన్ నగరానికి పడమర మౌంట్ హోరెబ్ దగ్గరి ఓ పల్లె. కారు షెడ్డు తలుపు సగం ఎత్తి ఉంటే మీరు వంగి లోపలికి దూరతారు. కళ్లజోడు మీద ఆవిరి పట్టేస్తుంది. తుడుచుకుని చూసేసరికి బల్ల మీద ఓ ప్లాస్టిక్ సంచి, దాని పక్కన పెద్ద స్టీలు గిన్నె, చెక్క పలక, కత్తి. స్వెటర్ చేతులు మోచేతుల దాకా లాక్కుని ఆ ఇంటి పెద్దాయన సిద్ధంగా ఉన్నాడు. ఇంట్లో పొయ్యి మీద మాత్రం ఈ పని వద్దని ఇంటావిడ ముందే తేల్చి చెప్పేసింది. అందుకే గ్యాసు పొయ్యి షెడ్డులోకి వచ్చింది.

సంచిలో ఉన్నది జింక కొవ్వు. నవంబరులో తొమ్మిది రోజుల తుపాకీ వేట సీజనులో పెద్దాయన కొట్టిన తెల్లతోక జింకది. ఆడజింక కాబట్టే ఇంత కొవ్వు దొరికింది. మగవాటికి అది జతకట్టే కాలం. తిండీ తిప్పలూ మాని ఆడవాటి వెంట తిరిగి తిరిగి, వేసవంతా పెంచుకున్న కొవ్వును అప్పటికే కరగదీసుకుని ఉంటాయి. మాంసం ఎప్పుడో ముక్కలై ఫ్రీజరుకెక్కింది. మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు, నడుము మీద మందంగా పేరుకున్న పొర మాత్రం ఆయన విడిగా దాచిపెట్టాడు. చాలామంది వేటగాళ్లు దీన్ని ఎముకలతో పాటు పారేస్తారు. ఒక చిన్న పలుకు ఇస్తాడు, నాలుక మీద వేసుకుని చూడండి. మొదట ఏ రుచీ తెలియదు. కాసేపటికి అంగిలికి మైనం పూసినట్టు అంటుకుపోతుంది, వేడి కాఫీ తాగితే గానీ వదలదు. జింక మాంసం వండేవాళ్లు కొవ్వంతా చెక్కేసి, సాసేజిలోకి పంది కొవ్వు కలుపుకునేది అందుకే.

ఆ మైనపు గుణమంతా స్టియరిక్ ఆమ్లం వల్ల వచ్చింది. జింక కొవ్వులో అది పుష్కలం. నోటి వేడికి సరిగ్గా కరగదు. కొవ్వుల నుంచి ఆ ఆమ్లాన్ని విడదీసి, పొగ తక్కువ వచ్చే గట్టి కొవ్వొత్తులు చేసే పద్ధతికి ఫ్రాన్సులో షెవ్రూల్, గే-లుసాక్ 1825లో పేటెంటు తీసుకున్నారు. కంచంలోకి పనికిరాని ఈ గట్టిదనమే సబ్బుకీ బూటుకీ దీపానికీ కావలసింది.

సంచి ముడి విప్పేముందే పెద్దాయన ఫోన్ తీసి మీకో సందేశం చూపించాడు. ఈ జింకలో వ్యాధి కనబడలేదని ప్రయోగశాల పంపిన ఫలితం. జింకల్ని చిక్కి శల్యం చేసి చంపే, ప్రయాన్లనే వికృత ప్రొటీన్ల వల్ల వచ్చే వ్యాధి ఒకటుంది. విస్కాన్సిన్‌లో అది మొదట బయటపడింది 2002లో, ఈ మౌంట్ హోరెబ్ చుట్టుపక్కలే. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా రుజువు లేదు. కానీ వండినా కాచినా ప్రయాన్లు నశించవు, జబ్బుపడ్డ జింకల కొవ్వులో కూడా అవి ఉంటాయని పరిశోధకులు 2009లోనే ప్రచురించారు. అందుకే ఫలితం వచ్చేదాకా సంచి ఫ్రీజరులోనే ఉంది. ఈ ఒక్క విషయంలో తొందర పనికిరాదు.

ఇక కోత. గడ్డకట్టిన కొవ్వు కత్తికి చక్కగా తెగుతుంది, మెత్తబడితే చేతిలో జారిపోతుంది. చిక్కుడుగింజంత ముక్కలు చేయాలి. అంటుకున్న ఎర్రటి మాంసపు పీలికలు, నెత్తుటి మరకలు వెతికి వెతికి తీసెయ్యాలి. వాసనంతా వాటిదే. మీ వేళ్ల సందుల్లో ఇప్పటికే ఓ జిడ్డు పొర చేరింది, గోళ్ల కింద చలికి గట్టిపడుతోంది.

గిన్నెలో ముక్కలు, మునిగేటన్ని నీళ్లు, గుప్పెడు ఉప్పు. సన్న సెగ. నీళ్లు ఉన్నంతసేపూ కొవ్వు మాడదు. పావుగంటకు తెల్లటి ముక్కల అంచులు గాజులా పారదర్శకమవుతాయి. గంటకు పైన చమురు కళ్లు, వాటి మధ్య ముడుచుకుపోతున్న గోధుమరంగు తునకలు. వెన్న కాచే వంటింట్లో పెరిగిన మీ ముక్కు ఆ కమ్మదనం కోసం వెతుకుతుంది, దొరకదు. తడిసిన ఉన్ని వాసన, దాని వెనక ఎక్కడో ఎండుగడ్డి వాసన. మరీ అసహ్యమేమీ కాదు గానీ, ఇంటావిడ పక్షానే న్యాయముంది. గిన్నె మూత మాత్రం అందుబాటులోనే పెట్టుకోవాలి. కొవ్వు అంటుకుంటే మూత వేసి పొయ్యి కట్టెయ్యడమే, నీళ్లు చల్లితే మంట మీదికి ఎగసిపడుతుంది.

పల్చటి గుడ్డలో వడగట్టి, గిన్నెను బయట మంచులో దిగేస్తాడు. ఈ ఊళ్లో ఫ్రిజ్‌తో పనిలేదు. కాసేపటికి పైన తెల్లటి బిళ్ల, కింద మురికి నీళ్లు. బిళ్ల ఎత్తి తిరగేస్తే అడుగున గోధుమరంగు జిగట. కత్తి వెన్నుతో దాన్ని గీకి పారేసి, మంచినీళ్లలో మళ్లీ కరిగిస్తాడు. రెండో విడతకు వాసన సగానికి సగం తగ్గింది. చివరిసారి నీళ్లు లేకుండా, బుడగలు ఆగేదాకా. తేమ మిగిలితే నెలలోపే మక్కు వాసన పుడుతుంది.

మొదటి వాటా సబ్బుకి. 500 గ్రాముల కొవ్వుకు సుమారు 66 గ్రాముల కాస్టిక్ సోడా, దానికి రెండున్నర రెట్లు నీళ్లు. కళ్లద్దాలు, చేతితొడుగులు మీకూ ఇస్తాడు. నీళ్లలోకే సోడా వెయ్యాలి. సోడా మీద నీళ్లు పోస్తే భగ్గున పొంగి ముఖాన చిందుతుంది. అల్యూమినియం గిన్నె ఈ చుట్టుపక్కలకు రాకూడదు, సోడా దాన్ని తినేస్తుంది. గోరువెచ్చటి కొవ్వులో సోడానీళ్లు సన్నధారగా పోస్తూ గిలక్కొడుతుంటే, చిక్కటి మజ్జిగలా మారి, గరిటె లాగిన గీత పైన నిలబడుతుంది. అచ్చులో పోసి, మర్నాడు కోసి, నాలుగైదు వారాలు ఆరనివ్వాలి. గట్టి సబ్బు, నెమ్మదిగా అరుగుతుంది. నురగ మాత్రం పిసినారిది. అది కావాలంటే కొంత కొబ్బరినూనె కలిపి, సోడా లెక్క మళ్లీ కట్టుకోవాలి.

రెండో వాటాలో కొంచెం తేనెమైనం కరిగించి చిన్న డబ్బాలో పోస్తాడు. మీ బూట్లు విప్పించి, కుట్ల వెంట వేలితో రుద్దుతాడు. తోలు నల్లబడుతూ పీల్చుకుంటుంది. ఇదే ముద్ద పగిలిన మడమలకూ పనికొస్తుంది. ఎండిన పైన్ కాయలు కరిగిన కొవ్వులో ముంచి తీస్తే చలిమంట రాజేయడానికి అంతకన్నా మంచి పుల్ల లేదు. కొవ్వొత్తి మాత్రం నన్నడిగితే అంతంత మాత్రమే. వెలుగుతుంది, కానీ ఎంత కాచినా ఓ మూల వాసన మిగులుతుంది. కరెంటు పోయిన రాత్రికి సరే. ఇనుప పెనానికి తుడవడానికీ పర్లేదు, కొత్త పెనాన్ని పదును చేయడానికైతే అవిసె నూనే మేలు.

మిగిలిన పచ్చి కొవ్వు ముక్క ఒకటి తీగ బుట్టలో పెట్టి కొమ్మకు కడతాడు. పావుగంట కాకముందే నలుపూ తెలుపూ గళ్ల చిన్న వడ్రంగిపిట్ట తలకిందులుగా వేలాడి పొడుస్తోంది. సున్నాకు దిగువన ఉన్న చలిలో ఆ పిట్టకు అదే నిప్పు. ఎండ ముదిరే నెలల్లో ఇలా కట్టకూడదు, కరిగి ఈకలకు అంటుకుంటుంది.

చదివి ఊరికే ఉండలేనివాళ్లకు ఓ మాట. మన దగ్గర దుప్పి, కణితి, కృష్ణజింక వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, వాటి కొవ్వు ఇంట్లో ఉంచుకున్నా కేసే. ఆదివారం మాంసం కొట్టులో మేక, పొట్టేలు కొవ్వు అడగండి. అదీ ఇలాగే గడ్డకట్టే రకం, ఇదే పద్ధతిలో కాగుతుంది. సోడా లెక్క మాత్రం ఆ కొవ్వుకు తగ్గట్టు విడిగా చూసుకోవాలి.